పూడ్చిన గాటు

నల్లగోడ వాలు మీద స్కీ రేసులో జీటా పడి ఆ శుక్రవారానికి పదహారు రోజులు. హెలికాప్టర్ ఆమెను లోయ దాటించిన నాటి నుంచి హింటర్‌మోస్ ఊరంతా ఒకటే మాట: కన్నతండ్రే కూతురి కాలు విరగ్గొట్టాడు అని. జీటా తండ్రి కాసియన్ స్కీల అంచులకు మరీ పదును పెడతాడని, ఆ పదునే మంచును కరిచిపట్టి జీటాను విసిరేసిందని ఆ రాత్రి కురిసిన మంచు వాలునంతా కప్పేశాక విచారణకు వచ్చిన పెద్దమనుషులు రెండు పేజీల కాగితంలో తేల్చి పారేశారు. కాసియన్ ఆ కాగితం చదివాడు, మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఆ రేసులోనే మూడో స్థానం కొట్టి, జీటాకు రావలసిన జాతీయ జట్టు చోటును తాను దక్కించుకున్న అఫ్రా కూడా నోరు మెదపలేదు. చెప్పవలసింది ఆమె దగ్గర ఒకటుందని ఊళ్ళో ఏ ఒక్కరికీ తోచలేదు పాపం. జీటా, అఫ్రా ఒకే బెంచీ మీద పెరిగిన పిల్లలు మరి.

ఎర్రకొండ రేసు శనివారం. జట్టు కోటు వేసుకున్నాక అఫ్రా దిగబోయే మొదటి రేసు అది. శుక్రవారం పొద్దుటి ట్రైనింగ్‌లో నాలుగో టైము వచ్చింది. మధ్యాహ్నం సత్రంలో బార్లీ సూప్ ముందు కూర్చుని, చాలా రోజుల తర్వాత కాస్త ఆకలిగా చెంచా ఎత్తింది. సరిగ్గా అప్పుడే కోచ్ హార్ట్‌విగ్ వచ్చి ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు.

"నీకో శుభవార్త. కాసియన్‌ను ఒప్పించాను. ఈ ఒక్క రేసుకి నీ స్కీలు ఆయనే చేస్తాడు. తర్వాత ఆకురాళ్ళన్నీ కుర్రాళ్ళకి పంచేసి ఇంట్లో కూర్చుంటాడట, అది వేరే సంగతి."

"నా స్కీలు చేసేసుకున్నానే," అంది అఫ్రా. "గోడకి ఆనించి పెట్టాను."

"ఆ జత కాదమ్మా తల్లీ. వ్యాన్‌లో వెనక సంచీలో పడేశావు చూడు, నల్లగోడ మీద మూడో స్థానం తెచ్చిన జత. అంత వేగమైన జతని పక్కన పెట్టేవాళ్ళుంటారా ఎక్కడైనా? నేనే తీసి ఆయన చేతికిచ్చాను."

అఫ్రా చేతిలో చెంచా సూప్‌లోకి జారిపోయింది. "ఏమైంది?" అని హార్ట్‌విగ్ అడుగుతూనే ఉన్నాడు, ఆమె అప్పటికే మెట్ల దగ్గరుంది. ఆ సంచీ తాడుకు రెండు ముళ్ళు వేసి, దాని మీద తడి గుడ్డలు, పాత బూట్లు పడేసి ఆమె పడ్డ శ్రమంతా ఒక్క మాటతో గంగలో కలిసింది.

స్కీల గది సత్రం కింద సగం నేలలోకి ఉంటుంది. కరిగిన మైనం వాసన, ఇస్త్రీపెట్టె వేడి. కాసియన్ బల్ల ముందు నిలబడి ఉన్నాడు, వీపు తలుపు వైపు. యాభై నాలుగేళ్ళ మనిషి, వీపు చూస్తే డెబ్భై అనిపించింది. ఆడపిల్లలిద్దరూ ఆరేళ్ళవాళ్ళయినప్పటి నుంచి వాళ్ళ స్కీలు ఆయన చేతి మీదుగానే వెళ్ళాయి. ఎప్పుడూ ముందు అఫ్రావి, తర్వాతే జీటావి. సొంత కూతురిని ముందు చూసుకున్నాడన్న మాట ఎవరి నోటా రాకూడదని ఆయన పట్టుదల.

"తలుపు వెయ్యి. చలి వస్తోంది," అన్నాడు వెనక్కి తిరగకుండానే.

వేసింది.

"భోజనం అయిందా?"

"అయింది బాబాయ్."

"అయితే ఇట్రా. నీ చెయ్యి ఇలా ఇవ్వు."

ఎడమ స్కీ బల్లకు బిగించి ఉంది, అడుగు భాగం పైకి. ఆయన ఆమె బొటనవేలు పట్టుకుని, బూటు నిలబడే చోటుకు జానెడు కింద, అంచు పక్కన పెట్టాడు. మెల్లగా ముందుకు లాగాడు.

"ఏం తగులుతోంది?"

"ఏమీ లేదు."

"కళ్ళు మూసుకుని మళ్ళీ చూడు."

కళ్ళు మూసుకుంది. వేలెడు పొడుగున చిన్న ఎత్తు. నున్నగానే ఉంది, కానీ ఉంది. పదహారు రోజుల కిందట స్నానాల గదిలో గడియ పెట్టుకుని, నల్ల ప్లాస్టిక్ పుల్ల వెలిగించి, బొట్టు బొట్టుగా గాటులోకి కరిగించి, బ్లేడుతో చెక్కి తను పూడ్చిన చోటది. అప్పుడు ఏమీ తెలియడం లేదనే అనుకుంది.

"నేను పూడిస్తే నాకే కనపడదు," అన్నాడు కాసియన్. "ఇది చేతులు వణికే వాళ్ళ పని. ఎక్కడ తగిలింది రాయి?"

"మొన్న ట్రైనింగ్‌లో."

"మొన్న ఈ జత సంచీలోంచి బయటికే రాలేదు. కొసన నీలం మైనం ఇంకా ఉంది చూడు. నల్లగోడ రోజు పొద్దున నేను పెట్టింది. ఆ రేసు తర్వాత దీని మీద ఎవరూ నిలబడలేదు."

అఫ్రా పక్కనున్న పెట్టె మీద కూలబడింది. ఆయన మాత్రం అరవలేదు, అరిచినా బాగుండేది. ఇస్త్రీపెట్టె తీసి స్టాండు మీద పెట్టి, స్విచ్చి ఆపి, చేతులు గుడ్డకు తుడుచుకుని ఎదురుగా నిలబడ్డాడు.

"ఆ రోజు స్టార్టులో వాకీటాకీ ఎవరి చేతిలో ఉంది?"

"నీ చేతిలో."

"జీటా చెవి దగ్గర పట్టుకున్నది నేనే. అదేమడిగింది నిన్ను?"

అఫ్రా బూట్ల వైపు చూసుకుంది.

ఈ ఆటలో ఒక కట్టుబాటుంది. ముందు దిగిన పిల్ల కిందికి చేరగానే, ఊపిరి కూడా తిప్పుకోకుండా, పైన నిలబడ్డ తన జట్టు పిల్లకు వాకీటాకీలో దారి చెబుతుంది. ఎక్కడ మంచు గట్టిగా ఉంది, ఎక్కడ గతుకు లేచింది, ఎక్కడ తొందరపడకూడదు. కిందున్నదీ పైనున్నదీ ఒకే చోటు కోసం కొట్టుకునేవాళ్ళే కావచ్చు, ముందు రోజు మాటామాటా అనుకుని ఉండవచ్చు, ఆ ఒక్క నిమిషం మాత్రం ఎవరూ అబద్ధం చెప్పరు. గంటకు నూటపది కిలోమీటర్ల వేగంతో దిగే మనిషి ప్రాణం ఆ నాలుగు మాటల్లో ఉంటుంది గనుక.

"రాయి తేలిందా అని అడిగింది," అన్నాడు కాసియన్. "పొద్దున దారి చూసుకోవడానికి నడిచినప్పుడు మీరిద్దరూ చూశారు దాని నెత్తి. పనివాళ్ళు రెండు పారల మంచు కప్పి పోయారు. అందుకే అడిగింది. నువ్వేమన్నావు?"

"నువ్వు విన్నావు కదా."

"నీ నోటితో చెప్పు."

"తేలలేదు, లోపలి దారే పట్టు అన్నాను."

"తేలింది."

"తేలింది బాబాయ్. నాకు తగిలింది. స్కీ కింద నిప్పురవ్వలు వచ్చాయి. ఒంటికాలి మీద ఎలా నిలబడ్డానో నాకే తెలీదు."

"మరి ఎందుకే?"

అఫ్రా తల ఎత్తింది. అద్దం ముందు నిలబడి రోజూ తనకు తాను చెప్పుకున్న జవాబులు ఒక అరడజను ఉన్నాయి. ఆ మనిషి మొహం చూస్తే వాటిలో ఒక్కటి కూడా పైకి రాలేదు. అసలుదే వచ్చింది.

"తేలిందంటే రేసు ఆపేస్తారు. దిగవలసింది ఇంక జీటా ఒక్కతే, అప్పటికే మబ్బు పట్టింది, ఆపితే మళ్ళీ మొదలుకాదు. రద్దయితే నా టైము పోతుంది. బోర్డు మీద మూడో పేరు నాది. పదమూడేళ్ళల్లో ఏ బోర్డు మీదా నా పేరు జీటా పేరుకి పైన లేదు, నీకు తెలుసు కదా. హార్ట్‌విగ్ వింటున్నాడు, అందరూ వింటున్నారు. లేదు అనేశాను. నేను తగిలీ నిలబడ్డాను కదా, తనూ నిలబడుతుందిలే అనుకున్నాను. తను నాకంటే బాగా దిగుతుంది కదా బాబాయ్."

ఆ చివరి మాట అన్నాక ఆమెకే అసహ్యం వేసింది.

కాసియన్ తల ఊపాడు. ఎవరో దారి అడిగితే చెప్పినట్టు, మామూలుగా మాట్లాడాడు.

"పదహారు రోజులుగా నిద్రలో కూడా ఆ అంచునే రుద్దుతున్నాను. అర డిగ్రీ తక్కువ పెట్టి ఉంటే, అని. మా ఆవిడ అన్నం బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోతోంది, నాతో మాట లేదు. చర్చిలో నా బెంచీ మీద ఎవరూ కూర్చోవడం లేదు. ఆసుపత్రిలో జీటా మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నన్ను క్షమించు తల్లీ అన్నాను. నా చేతుల వల్లే అన్నాను. మంచు తొక్కుకుంటూ నువ్వు రోజూ మా ఇంటి ముందు నుంచే వెళ్ళావు కదే. ఒక్కసారి తలుపు కొట్టాలనిపించలేదా?"

"అనిపించింది. రోజూ అనిపించింది."

"ఫోన్ చెయ్యి దానికి."

చేసింది. ఫోన్ బల్ల మీద, స్కీ పక్కన, స్పీకర్ మీద పెట్టింది. రెండు మోతలకే జీటా ఎత్తింది. గొంతు నీరసంగా ఉన్నా వెటకారం పోలేదు.

"ఏమే ఛాంపియనూ. రేపటికి ఇప్పటి నుంచే కడుపులో తిప్పుతోందా? పోయినసారి బకెట్ నేనే పట్టుకున్నాను, ఈసారి ఎవర్నన్నా చూసుకో."

"జీటా, నల్లగోడ రోజు నేను..."

అటువైపు నవ్వు ఆగింది.

"పక్కన ఎవరున్నారు?"

"మీ నాన్న."

"అయితే నాన్న పట్టేశాడన్నమాట," అంది జీటా నెమ్మదిగా. "నీ అంతట నువ్వు చెయ్యలేదు ఈ ఫోన్."

అఫ్రా బల్ల అంచు పట్టుకుంది. "నీకు తెలుసా?"

"తగిలింది నాకే కదే. పడకముందే చప్పుడు విన్నాను. గాల్లో ఉన్నప్పుడే అర్థమైంది. మత్తు దిగిన రోజు నుంచి నీకోసం చూశాను. నువ్వు వచ్చావు. చాక్లెట్ డబ్బా తెచ్చావు, పూలు సర్దావు, నర్సుతో వాతావరణం గురించి మాట్లాడావు, వెళ్ళిపోయావు. మళ్ళీ వచ్చావు, మళ్ళీ పూలే సర్దావు. నీ అంతట నువ్వే చెప్తావని ఆగాను."

"మరి నేనో?" అన్నాడు కాసియన్.

గదిలో అఫ్రా ఉందన్న సంగతే ఆయన మరిచిపోయినట్టున్నాడు. రెండు చేతులూ బల్ల మీద ఆనించి ఫోన్ మీదికి వంగాడు.

"నేనూ వచ్చాను కదే నీ దగ్గరికి. నీ కాళ్ళ దగ్గర కూర్చున్నాను కదా. నువ్వు కిటికీ వైపు తిరిగావు. నా మొహం చూడటం ఇష్టం లేక అనుకున్నాను. తెలిసి తిరిగావా?"

జీటా ఏడుస్తున్నట్టు తెలుస్తోంది.

"చెప్తే అఫ్రా బతుకు అయిపోతుంది నాన్నా. మళ్ళీ ఎవరూ దాన్ని స్కీ ఎక్కనివ్వరు. ఒక్క రోజు ఆగుదాం, అదే చెప్తుంది అనుకున్నాను. ఒక్క రోజు, ఇంకొక్క రోజు. నీకేమవుతోందో నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను. తిట్టు నన్ను."

కాసియన్ తిట్టలేదు. బల్ల మీదున్న ఆకురాయి తీసుకున్నాడు, అటూ ఇటూ తిప్పి చూశాడు, ఉన్న చోటే పెట్టేశాడు. తనని ఇద్దరు పిల్లలూ కలిసి మోసం చేశారన్న మాట ఆయన మొహంలో అక్షరం అక్షరం కనిపిస్తోంది. అఫ్రా అది చూడలేక గోడ వైపు తిరిగింది.

"మోకాలు వంగదట," అంది జీటా. "మంగళవారం చెప్పారు. మూడో ఆపరేషన్ అయినా అంతేనట. నడుస్తాను. మెట్లు దిగేటప్పుడు పక్కన పట్టుకోవాలట, ముసలమ్మల్లాగ. రేసుల మాట ఇంక ఎత్తొద్దన్నారు."

"జీటా, నేను ఇప్పుడే వెళ్ళి హార్ట్‌విగ్‌తో చెప్తాను."

"వద్దు. హార్ట్‌విగ్‌కి నువ్వు కావాలి. తలుపేసి, ఇది మన మధ్యే ఉండనీ అంటాడు. రేపు చెప్పు. స్టార్టులో, బయల్దేరే ముందు, వాకీటాకీలో. అబద్ధం ఎక్కడ చెప్పావో అక్కడే. దారి పొడుగునా కోచ్‌లు వింటారు, ఆ కాగితం రాసిన పెద్దమనుషులూ కిందే ఉంటారు, వాళ్ళూ వింటారు. తర్వాత నిన్ను దిగనిస్తే దిగు."

"దిగాక చెప్తే?"

"గెలిచి దిగాక నువ్వు చెప్పవు. నాకు తెలీదా నువ్వు?"

"అసలు చెప్పకపోతే?"

"చెప్పకపోతే ఎవరూ చెప్పరు," అంది జీటా. "నేను చెప్పను. నాన్న కూడా చెప్పడు. చెప్పవు కదా నాన్నా?"

కాసియన్ కిటికీలోంచి బయట పేరుకున్న మంచును చూస్తున్నాడు.

"చెప్పను," అన్నాడు.

జీటా ఫోన్ పెట్టేసింది. ఏ బెదిరింపూ లేదు, ఏ గడువూ లేదు. అఫ్రా నోరు మూసుకుంటే చాలు, జీవితమంతా జట్టు కోటు ఆమెదే, ఆ రెండు పేజీల కాగితం జీవితమంతా కాసియన్‌దే. అంతకంటే తేలిక పని ఇంకొకటి లేదు.

కాసియన్ ఇస్త్రీపెట్టె మళ్ళీ పెట్టాడు. చిన్న ఉలి తీసి, ఆమె పూడ్చిన ముద్దనంతా పెకలించి పారేశాడు. కింద గాటు తెల్లగా, లోతుగా బయటపడింది. దాన్ని కడిగి, ఆరబెట్టి, పొరమీద పొరగా నింపడం మొదలుపెట్టాడు. చేతులు ఏమాత్రం వణకడం లేదు. అఫ్రా వెళ్ళలేకపోయింది, ఉండలేకపోయింది, పెట్టె మీద అలాగే కూర్చుంది. రెండు గంటలు గడిచాక ఆయన స్కీ మీద అరచెయ్యి రాసి చూసి అన్నాడు:

"రేపు దీని మీద నీకంటే వేగంగా ఎవరూ దిగరు. అది నా పని, నేను చేశాను. ఇంక పో."

శనివారం ఎర్రకొండ పైన చలి సున్నాకి పద్నాలుగు డిగ్రీల కింద ఉంది. ఆకాశం శుభ్రంగా, గాలి లేకుండా, రేసులకు దేవుడిచ్చిన రోజులా ఉంది. అఫ్రా నంబరు పద్దెనిమిది. రాత్రంతా నిద్ర లేదు. కాసియన్ ఆమె ముందు మోకాలు వేసి, బూటు అడుగున అంటిన మంచు గీకి, ఒక్కొక్క కాలూ స్కీలోకి ఎక్కించాడు. నిన్నటి నుంచి ఆయన ఆమెతో పని మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. ఆయన మెడలో వాకీటాకీ వేలాడుతోంది.

అందులో హార్ట్‌విగ్ గొంతు ఉత్సాహంగా వచ్చింది. "కాసియన్, పిల్లకి చెప్పు, దారి అద్దంలా ఉంది. ఒకటో స్థానం టైము పెద్ద గొప్పగా లేదు. నిన్నటిలా దిగితే చాలు, ఇవాళ మనదే."

పదహారు వెళ్ళింది. పదిహేడు గేటులోకి జరిగింది. అఫ్రా చెయ్యి చాపింది.

"ఇవ్వు బాబాయ్."

కాసియన్ వాకీటాకీని గుప్పిట్లో మూశాడు. "ఇప్పుడొద్దు," అన్నాడు, పక్కవాళ్ళకు వినపడకుండా. "కిందికెళ్ళాక చెప్పు."

"జీటా ముందే చెప్పమంది."

"జీటాకి కోపం. నాకు లేదనుకోకు, నిన్ను చూస్తుంటే నా కడుపు మండిపోతోంది. కానీ పిల్లా, ఏడుస్తూ ఈ వాలు మీదికి దిగినదాన్ని కిందికి స్ట్రెచర్ మీదే తెస్తారు. ఒకదాన్ని అలా చూశాను. ఇంకోదాన్ని చూడలేను. కిందికెళ్ళు. నిలబడు. అప్పుడు చెప్పు."

ఆ మాటతో అఫ్రాకు ఏడుపు ముంచుకొచ్చింది. పదహారు రోజులు తను ఆయన్ని ముంచి కూర్చుంటే, ఆయన తన ప్రాణం గురించి ఆలోచిస్తున్నాడు. మాట వినాలనిపించింది. కింద లోయలో గమ్యం దగ్గర జనం, జెండాలు, పెద్ద బోర్డు. ఆ బోర్డు మీద మొదటి వరసలో తన పేరు ఊహించుకుంది. చాలా సులభంగా కనిపించింది. ఆ పేరు చూశాక ఈ నోరు ఇంక పెగలదని కూడా అంతే స్పష్టంగా తెలిసింది. జీటా చెప్పింది నిజం.

పదిహేడు వెళ్ళిపోయింది. "పద్దెనిమిది," అన్నాడు స్టార్టు మనిషి. అఫ్రా గేటులోకి జరిగింది, కర్రలు రెండూ కర్రగేటు అవతల మంచులో గుచ్చింది. ఒక చేతిని వెనక్కి తెచ్చి కాసియన్ గుప్పిట మీద పెట్టింది. ఒక క్షణం ఆయన వదల్లేదు. తర్వాత వదిలాడు.

ఆమె బొత్తాం నొక్కింది. "హార్ట్‌విగ్, నేను అఫ్రాని."

"చెప్పు తల్లీ, ఏం కావాలి?"

"నల్లగోడ రోజు రాయి తేలింది. నాకు తగిలింది. జీటా అడిగితే తేలలేదని అబద్ధం చెప్పాను. నా టైము పోతుందని చెప్పాను. కాసియన్ అంచుల్లో ఏ తప్పూ లేదు. జీటా కాలు పోయింది నా వల్ల."

దారి పక్కన మొదటి మలుపు దగ్గర నిలబడ్డ కోచ్ ఒకాయన తల ఎత్తి పైకి చూశాడు. ఆయన కిందున్న ఇంకొకాయనా చూశాడు.

"పది సెకన్లు," అన్నాడు స్టార్టు మనిషి, ఆయనకు ఇదేమీ పట్టలేదు.

"అఫ్రా," హార్ట్‌విగ్ గొంతు వచ్చింది. అది ఆమెకు తెలిసిన గొంతులా లేదు. "దిగకు. గేటు దాటకు. వెనక్కి రా, ఇదే నా ఆర్డరు."

ఆమె వాకీటాకీని కాసియన్ చేతిలో పెట్టేసింది. కళ్ళద్దాల లోపల నీళ్ళు నిండి, దారి పక్కన పాతిన ఎర్రజెండాలు రెండేసిగా కనిపిస్తున్నాయి. ఇంక అయిదు సెకన్లే ఉందని కూత మోగింది. అఫ్రా రెండో చేతిని కూడా ముందుకు తెచ్చి కర్ర పట్టుకుంది.